సున్న వేరు, ఖాళీ వేరు, అసలు రానిది వేరు: వెబ్ ఫారాల్లో అంకెలనూ చెక్‌బాక్సులనూ సరిగ్గా అందుకోవడం

ఒక జూనియర్ కళాశాలకు స్లిప్ టెస్టు మార్కులు ఎక్కించే పేజీని పీహెచ్‌పీ అనే సర్వర్ భాషలో రాసి ఇచ్చిన కొత్తలో, అక్కడి గణిత అధ్యాపకుడు ఫోను చేసి, ఒక విద్యార్థికి సున్న మార్కులు వేస్తే పేజీ తీసుకోవడం లేదని, "మార్కులు నమోదు చేయండి" అని ఎర్ర అక్షరాలతో మళ్ళీ మళ్ళీ అడుగుతోందని చెప్పారు. నేను కారణం వెతికేలోపే ఆయన ఒక దారి కనిపెట్టేశారు. "00 అని కొడితే తీసుకుంటోందండీ, ప్రస్తుతానికి అలాగే కానిస్తున్నాం" అన్నారు. 0ని కాదని 00ని ఔనన్న ఆ పేజీలో దోషం ఒకే ఒక్క మాటలో ఉంది. పెట్టె ఖాళీగా ఉందా అని తెలుసుకోవడానికి నేను ఎంప్టీ అనే ఫంక్షన్‌ను పిలిచాను. పీహెచ్‌పీ లెక్కలో '0' అనే ఒంటి అక్షరం ఖాళీయే, '00' మాత్రం ఖాళీ కాదు.

ఆ పేజీనే ఉదాహరణగా తీసుకుని, బ్రౌజర్ నుంచి డేటాబేస్ దాకా, అక్కడి నుంచి మళ్ళీ తెర మీదికి విలువ ప్రయాణించే దారిలో సున్న ఎక్కడెక్కడ మాయమవుతుందో, టిక్ పెట్టని చెక్‌బాక్సు ఎక్కడెక్కడ తప్పుడు సాక్ష్యం చెబుతుందో వరుసగా చూద్దాం. పేజీలో ఒక్కో విద్యార్థికి మూడు ఫీల్డులు ఉండేవి: 25కి ఎన్ని వచ్చాయో రాసే మార్కుల పెట్టె, గైర్హాజరైతే టిక్ పెట్టే చెక్‌బాక్సు, ఫలితాన్ని ఇంటికి సందేశంగా పంపాలా అని అడిగే మరో చెక్‌బాక్సు. ఈ చివరిదానికి పేజీ తెరవగానే టిక్ ఉండేది. కింద ఫంక్షన్ల పేర్లను, పోస్ట్, నల్ లాంటి భాష సొంత మాటలను పలికే తీరులోనే రాస్తున్నాను, అసలు కోడులో అవి ఆంగ్లంలోనే ఉండాలి. ఫీల్డులకూ వేరియబుల్స్‌కూ తెలుగు పేర్లే పెట్టాను, వాటిని పీహెచ్‌పీ ఏ అభ్యంతరమూ లేకుండా ఒప్పుకుంటుంది.

మొదటి మెట్టు: కోడు తెరవక ముందు కాగితం మీద తేల్చుకోవాల్సింది

ప్రతి ఫీల్డుకూ మూడు ప్రశ్నలు వేసుకుని జవాబులు రాసుకోండి. విలువ 0గా వస్తే దాని అర్థమేమిటి? పేరు వచ్చి విలువ ఖాళీగా ఉంటే అర్థమేమిటి? అసలు ఆ పేరే రాకపోతే ఏం చేయాలి?

మార్కుల పెట్టె విషయంలో 0 అంటే విద్యార్థి పరీక్ష రాశాడు, ఒక్క మార్కూ రాలేదు. ఖాళీ అంటే పేపరు ఇంకా దిద్దలేదు. పేరే రాలేదంటే ఆ విద్యార్థి వరుస ఈ పేజీలో లేదు, లేదా దారిలో ఏదో తెగిపోయింది. అప్పుడు పాత విలువను ముట్టుకోకుండా వదిలేయాలి. మూడూ మూడు వేర్వేరు సంగతులు, ఏ రెండింటిని కలిపినా ఎవరో ఒకరి మార్కుల జాబితా తప్పవుతుంది. తెలుగులో సున్న అనే మాట అంకెకూ పేరే, అక్షరం పక్కన పెట్టే పూర్ణానుస్వారానికీ పేరే. "హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న" అన్నప్పుడు రెండు వైపులా మిగిలేది ఏమీ లేకపోవడమే. మన నాలుకకు అలవాటైన ఈ కలగలుపే కోడులోకీ జారుతుందని నా అనుమానం.

చెక్‌బాక్సుకు వచ్చేసరికి ఇబ్బంది మరో రకంగా ఉంటుంది. దానికి ముఖాలు రెండే. టిక్ లేకపోవడం "హాజరయ్యాడు" అని చెబుతోందా, "హాజరు ఇంకా తీయలేదు" అని చెబుతోందా అన్నది ఆ చతురస్రాన్ని చూసి ఎవరూ చెప్పలేరు. మీ వ్యవహారానికి మూడో జవాబు అవసరమైతే చెక్‌బాక్సును వదిలేసి, "హాజరు", "గైర్హాజరు", "నమోదు కాలేదు" అనే మూడు రేడియో బటన్లు పెట్టండి. చెక్‌బాక్సులో గీతలా కనిపించే మధ్యస్థ స్థితి ఒకటి ఉంది కదా అనవచ్చు. అది జావాస్క్రిప్ట్‌తో పెట్టే కంటికి కనిపించే గుర్తు మాత్రమే, ఫారం పంపేటప్పుడు సర్వర్‌కు దాని జాడ కూడా అందదు.

రెండో మెట్టు: బ్రౌజర్ నిజంగా ఏం పంపుతోందో కళ్ళారా చూడటం

ఒక విద్యార్థికి 0 మార్కులు వేసి, గైర్హాజరు టిక్ లేకుండా, సందేశం టిక్ ఉంచి పంపితే సర్వర్‌కు చేరేది ఇది:

మార్కులు=0&సందేశం=1

ఇంకొకరికి మార్కులు ఖాళీగా వదిలి, గైర్హాజరు టిక్ పెట్టి, సందేశం టిక్ తీసేసి పంపితే చేరేది ఇది:

మార్కులు=&గైర్హాజరు=1

నిజానికి తెలుగు అక్షరాలు శాతం గుర్తులున్న సంకేతాలుగా మారి వెళతాయి, చదవడానికి వీలుగా విప్పి రాశాను. రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూడండి. అక్షరాలు రాసే పెట్టె ఖాళీగా ఉన్నా దాని పేరు, సమానం గుర్తు వస్తున్నాయి. టిక్ లేని చెక్‌బాక్సు మాత్రం పేరుతో సహా కనిపించకుండా పోయింది. ఇది బ్రౌజర్ చేసిన పొరపాటు కాదు. టిక్ ఉన్న చెక్‌బాక్సునే పంపాలని 1999 నాటి హెచ్‌టీఎంఎల్ 4.01 ప్రమాణమే చెప్పింది, ఇప్పటి ప్రమాణమూ అదే పాటిస్తోంది. ఇంకో చిన్న సంగతి: చెక్‌బాక్సుకు వాల్యూ రాయకపోతే టిక్ ఉన్నప్పుడు 1 రాదు, "ఆన్" అనే ఆంగ్ల పదం వస్తుంది. కాబట్టి వాల్యూను మీరే 1 అని రాయండి.

ఏ ఫారం గురించైనా వాదించుకునే ముందు బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబులో ఆ అభ్యర్థన తెరిచి, పంపిన డేటాను విప్పకుండా ముడి రూపంలో చూడటం అలవాటు చేసుకోండి. ఏదీ ఎంచుకోని రేడియో బటన్ల గుంపు, ఒక్కటీ ఎంచుకోని బహుళ ఎంపిక జాబితా, డిసేబుల్ చేసిన (మార్చడానికి వీల్లేకుండా ఆపేసిన) ఏ ఫీల్డయినా ఇలాగే పేరు కూడా లేకుండా పోతాయి. డ్రాప్‌డౌన్‌లో పైన పెట్టే "ఎంచుకోండి" అనే వరుసకు కొందరు 0 విలువ ఇస్తారు. ఇవ్వకండి, ఖాళీ విలువ ఇవ్వండి. రేపు 0 అనేది నిజమైన ఎంపిక అయిన రోజున పాత కోడంతా తిరగరాయాల్సి వస్తుంది.

మూడో మెట్టు: ఫారం రాయడంలోనే సగం రోగం కుదర్చడం

టిక్ లేనప్పుడు కూడా ఏదో ఒక విలువ రావాలంటే ఎప్పటినుంచో వాడుకలో ఉన్న ఉపాయం ఒకటుంది. చెక్‌బాక్సుకు ముందు అదే పేరుతో, 0 విలువతో, తెర మీద కనిపించని ఒక హిడెన్ ఫీల్డు పెడతారు. టిక్ లేకపోతే 0 ఒక్కటే వెళుతుంది. టిక్ ఉంటే 0, ఆ తర్వాత 1 వెళతాయి. ఒకే పేరు రెండుసార్లు వస్తే పీహెచ్‌పీ చివరిదాన్నే ఉంచుకుంటుంది కాబట్టి 1 నిలుస్తుంది. హిడెన్ ఫీల్డు ముందు, చెక్‌బాక్సు తర్వాత అన్న ఈ వరుస తారుమారైతే ఎంత టిక్ పెట్టినా 0నే మిగులుతుంది.

ఈ ఉపాయంలో ఒక గోతి ఉంది, నేను అందులో పడ్డాను. గడువు దాటిన పరీక్షల గైర్హాజరు మార్చకూడదని చెక్‌బాక్సును డిసేబుల్ చేశాను. డిసేబుల్ అయిన చెక్‌బాక్సు వెళ్ళలేదు, దాని ముందున్న హిడెన్ ఫీల్డు మాత్రం 0ని మోసుకుని బయలుదేరింది. తెర మీద టిక్ స్పష్టంగా కనిపిస్తూనే ఉంది, సేవ్ నొక్కిన మరుక్షణం డేటాబేస్‌లో గైర్హాజరు చెరిగిపోయింది. డిసేబుల్ చేసేటప్పుడు రెండింటినీ కలిపి చేయాలి. రెండింటినీ ఒక ఫీల్డ్‌సెట్‌లో పెట్టి ఆ ఫీల్డ్‌సెట్‌నే డిసేబుల్ చేస్తే మరచిపోయే అవకాశం ఉండదు. రీడ్‌ఓన్లీ అని రాస్తే సరిపోదా అని అడగవచ్చు. చెక్‌బాక్సుల మీద ఆ మాట పనిచేయదు.

పట్టికలా చాలా వరుసలున్న ఫారంలో ఇంతకంటే పెద్ద ప్రమాదం పేర్లు పెట్టడంలో ఉంది. పీహెచ్‌పీలో పేరు చివర ఖాళీ చదరపు బ్రాకెట్లు పెడితే విలువలన్నీ 0, 1, 2 అని వరుస సంఖ్యలతో ఒక అర్రేగా, అంటే విలువల జాబితాగా, వస్తాయి. నలుగురు విద్యార్థులున్నారనుకోండి. మార్కులు[] అనే పెట్టెలు నాలుగూ వస్తాయి. గైర్హాజరు[] చెక్‌బాక్సుల్లో రెండో విద్యార్థికీ నాలుగో విద్యార్థికీ టిక్ పెట్టారు. టిక్ లేనివి రావు కాబట్టి అర్రేలో చేరేవి రెండే, వాటి స్థానాలు 0, 1. రెండు అర్రేలనూ స్థానాల ప్రకారం జతకట్టే కోడు మొదటి ఇద్దరినీ గైర్హాజరు చేస్తుంది. లెక్కకు ఇద్దరే గైర్హాజరు, కాబట్టి మొత్తం సరిచూసినా తప్పు బయటపడదు. బడికి వచ్చిన పిల్లవాడి ఇంటికి రాలేదని సందేశం వెళ్ళాకే పడుతుంది. పైన చెప్పిన హిడెన్ ఉపాయం కూడా ఖాళీ బ్రాకెట్లతో పనికిరాదు, ఎందుకంటే అక్కడ చివరిది మిగలడం కాకుండా 0, 1 రెండూ జాబితాలో చేరతాయి. మందు ఒక్కటే: బ్రాకెట్లలో విద్యార్థి సంఖ్యను రాయడం. మార్కులు[417], గైర్హాజరు[417], సందేశం[417] అని రాస్తే ఏది రాకపోయినా మిగతావి తమ స్థానం వదలవు.

పెద్ద పట్టికల్లో నేను హిడెన్ ఉపాయాన్ని వాడను. దానికి బదులు ఈ పేజీలో చూపించిన విద్యార్థుల సంఖ్యలను ఫారంతోపాటు పంపి, సర్వర్‌లో ఆ జాబితా మీద తిరుగుతూ, చూపించిన విద్యార్థికి చెక్‌బాక్సు రాకపోతే టిక్ లేదనీ, జాబితాలోనే లేని విద్యార్థిని ముట్టుకోకూడదనీ నిర్ణయిస్తాను. ఆ జాబితా బ్రౌజర్ నుంచి వచ్చేది కాబట్టి, అధ్యాపకుడికి ఆ విద్యార్థుల మీద హక్కు ఉందో లేదో విడిగా సరిచూడాలి. ఈ పద్ధతిని ఇష్టపడటానికి ఇంకో కారణం ఉంది. పీహెచ్‌పీ ఒక అభ్యర్థనలో మామూలుగా 1000 ఫీల్డులనే తీసుకుంటుంది. మాక్స్ ఇన్‌పుట్ వార్స్ అనే ఈ పరిమితి 5.3.9 వెర్షన్‌తో వచ్చింది. ఒక్కో విద్యార్థికి మార్కులు, రెండు చెక్‌బాక్సులు, రెండు హిడెన్ ఫీల్డులు అంటే ఐదు, 250 మంది ఉంటే 1250. పరిమితి దాటినవి ఒక హెచ్చరికతో రాలిపోతాయి. రాలిపోయిన చెక్‌బాక్సుకూ టిక్ పెట్టని చెక్‌బాక్సుకూ సర్వర్ వైపు నుంచి తేడా కనబడదు. అందుకే ఫారం చిట్టచివర ముగింపు=1 అనే ఒక హిడెన్ ఫీల్డు పెట్టండి. అది రాకపోతే మొత్తం ఫారాన్ని తిరస్కరించండి.

చెక్డ్ అనే గుర్తు గురించి ఒక్క మాట. దానికి విలువతో పనిలేదు. చెక్డ్="0" అని రాసినా, చెక్డ్="ఫాల్స్" అని రాసినా పెట్టెకు టిక్ పడుతుంది. ఆ మాట ఉందా లేదా అన్నదే బ్రౌజర్ చూస్తుంది, కాబట్టి టిక్ వద్దనుకున్నప్పుడు దాన్ని ముద్రించనే కూడదు.

నాలుగో మెట్టు: సర్వర్‌లో అందుకోవడం

ఎంప్టీ ఫంక్షన్‌కు ఖాళీగా కనిపించేవి ఇవి: ఖాళీ స్ట్రింగ్ (స్ట్రింగ్ అంటే అక్షరాల వరుస), '0' అనే స్ట్రింగ్, 0 అనే పూర్ణాంకం, 0.0 అనే దశాంశ సంఖ్య, నల్ (విలువే లేదని చెప్పే గుర్తు), ఫాల్స్ (అబద్ధం), ఏమీ లేని అర్రే, అసలు లేని వేరియబుల్. '00', '0.0', ఒక్క స్పేస్ ఉన్న ' ' దానికి నిండుగానే కనిపిస్తాయి. అంటే అది రెండు వైపులా తప్పు చేస్తుంది: నిజమైన సున్నను తోసేస్తుంది, స్పేస్ బార్ నొక్కి వదిలేసిన పెట్టెను నింపినట్టు లెక్కేస్తుంది. ఫారం నుంచి వచ్చిన విలువల మీద ఎంప్టీని వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం. సున్నకు అర్థంలేని పేరు, చిరునామా లాంటి ఫీల్డుల్లో వాడితే నష్టమేముందని అడిగేవారుంటారు. అలవాటు చేయి ఫీల్డును చూసి ఆగదు.

ఐసెట్ అడిగే ప్రశ్న వేరు. ఆ పేరు వచ్చిందా, దాని విలువ నల్ కాకుండా ఉందా అని మాత్రమే అది చూస్తుంది, 0నీ ఖాళీ స్ట్రింగ్‌నూ వచ్చినట్టే లెక్కేస్తుంది. మామూలు ఫారం నుంచి నల్ రాదు కాబట్టి ఇక్కడ అది చాలు. యాప్‌లు, స్క్రిప్టులు జేసన్ అనే రూపంలో పంపే డేటాలో నల్ రావచ్చు. అక్కడ రానిదాన్నీ నల్‌గా వచ్చినదాన్నీ విడదీయాలంటే అర్రే కీ ఎగ్జిస్ట్స్ అనే ఫంక్షన్ వాడాలి. పీహెచ్‌పీ 7.0 నుంచి ఉన్న ?? గుర్తు ఐసెట్ చేసే పనినే పొట్టిగా చేస్తుంది ($_పోస్ట్ అంటే ఫారం పంపిన విలువలన్నీ ఉండే అర్రే):

$వచ్చింది = $_పోస్ట్['మార్కులు'][417] ?? నల్;

దీనికి కవలలా కనిపించే ?: గుర్తుతో జాగ్రత్త. అది ఎడమ వైపున ఉన్న విలువ నిజమా అబద్ధమా అని చూస్తుంది, '0' వస్తే దాన్ని పారేసి కుడి వైపు విలువను తీసుకుంటుంది. చూపులో ఒక్క గీత తేడా, జాబితాలో ఒక విద్యార్థి తేడా.

పై కోడు లైను తర్వాత చేయాల్సింది ఈ క్రమంలో ఉంటుంది. $వచ్చింది === నల్ అయితే ఆ వరుసను ముట్టుకోకుండా ముందుకు సాగాలి. అది స్ట్రింగో కాదో చూడాలి, ఎందుకంటే ఎవరైనా కావాలని అర్రే పంపితే తర్వాత పిలిచే ట్రిమ్ ఫంక్షన్ పీహెచ్‌పీ 8లో దోషం విసిరి ఆగిపోతుంది. స్ట్రింగే అయితే అటూ ఇటూ ఉన్న స్పేసులు ట్రిమ్‌తో తీసేయాలి. ఇప్పుడు $వచ్చింది === '' అయితే పేపరు దిద్దలేదని అర్థం, విలువను నల్ చేయాలి. ఇవేవీ కాకపోతేనే అది సంఖ్య అవునా అని అడగాలి.

మూడు సమానం గుర్తులు ఎందుకన్నది ఇక్కడే చెప్పుకోవాలి. రెండు గుర్తులతో పోల్చినప్పుడు పీహెచ్‌పీ రకాలను తనకు తోచినట్టు మార్చుకుంటుంది. పీహెచ్‌పీ 7 వరకు 0 == '' నిజం. 2020 నవంబరులో వచ్చిన పీహెచ్‌పీ 8.0 నుంచి అది అబద్ధం. నల్ == 0 అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే. నల్ == '0' మాత్రం రెండింటిలోనూ అబద్ధం. ఇవన్నీ గుర్తుపెట్టుకుని కోడు రాసేకన్నా ఇంకో గుర్తు టైపు చేయడం తేలిక.

ఖాళీలను ఏరివేయడానికి చాలామంది వాడే అర్రే ఫిల్టర్ కూడా ఇదే జబ్బు మోస్తుంది. దానికి షరతు ఇవ్వకుండా పిలిస్తే ఖాళీ పెట్టెలతోపాటు '0' మార్కులున్న విద్యార్థులందరినీ ఊడ్చేస్తుంది. ఖాళీ స్ట్రింగ్ కానివన్నీ ఉంచమని షరతును మీరే రాయండి.

ఐదో మెట్టు: సంఖ్యగానూ, ఔను-కాదుగానూ మార్చడం

పూర్ణాంకాన్ని సరిచూడటానికి ఫిల్టర్ వార్ ఫంక్షన్ ఉంది. దానికి కనిష్ఠం 0, గరిష్ఠం 25 అని చెప్పవచ్చు. సరైతే సంఖ్యను, కాకపోతే ఫాల్స్‌ను తిరిగి ఇస్తుంది. సరిగ్గా ఇక్కడే సున్నకు మళ్ళీ గండం ఉంది: '0' సరైనదని ఒప్పుకుని అది 0ని తిరిగి ఇస్తే, మనం "ఫలితం లేదా?" అని, కాదు అనే అర్థమిచ్చే ! గుర్తుతో అడిగి ఆ సున్నను తప్పుల ఖాతాలో వేస్తాం. ఫలితం === ఫాల్స్ అని అడగండి.

ఆ ఫంక్షన్‌తో మన ఊళ్ళ మార్కుల జాబితాలకు ఒక చిక్కు ఉంది. ముందు సున్న ఉన్న '05'ను అది పూర్ణాంకంగా ఒప్పుకోదు. ఒంటి అంకె మార్కులను తర్వాత ఎవరూ మార్చేయకుండా 05, 08 అని రాయడం అధ్యాపకులకు చిరకాలపు అలవాటు, వారు కీబోర్డు మీదా అలాగే కొడతారు. అందువల్ల ఈ పేజీకి నేను వేరే దారి పట్టాను. సీటైప్ డిజిట్ ఫంక్షన్‌తో స్ట్రింగ్‌లో అన్నీ అంకెలేనా అని చూసి, తర్వాత పూర్ణాంకంగా మార్చి, 25 దాటకుండా చూశాను. ఖాళీ స్ట్రింగ్‌కు ఈ ఫంక్షన్ కాదంటుంది, '0'కు ఔనంటుంది. మనకు కావలసింది అదే.

తెలుగు కీబోర్డుతో రాసేవారు ౦, ౧, ౨ అని కొట్టే అవకాశం ఉంటే వాటిని ముందే 0, 1, 2గా మార్చుకోవాలి, పీహెచ్‌పీ వాటిని అంకెలుగా గుర్తించదు. జావాస్క్రిప్ట్ కూడా గుర్తించదు. పైథాన్‌లో మాత్రం ఇంట్ ఫంక్షన్‌కు '౦' ఇస్తే నిశ్శబ్దంగా 0 ఇస్తుంది. అంకె ౦కూ, అనుస్వారం సున్నకూ రూపం దాదాపు ఒకటే అయినా యూనికోడ్‌లో అవి రెండు వేర్వేరు అక్షరాలు. పొరపాటున అనుస్వారం పడితే దాన్ని సున్నగా ఊహించకుండా దోషంగా చూపించండి.

చెక్‌బాక్సుకు పని ఇంకా సులువు. మీరు పంపిన విలువ 1 కాబట్టి, వచ్చింది సరిగ్గా '1' అయితేనే టిక్, మరేదైనా, ఏమీ రాకపోయినా టిక్ లేనట్టు:

$గైర్హాజరు = ($_పోస్ట్['గైర్హాజరు'][417] ?? '0') === '1' ? 1 : 0;

వచ్చిన స్ట్రింగ్‌ను నేరుగా బూలియన్‌గా, అంటే నిజం-అబద్ధంగా, మార్చకండి. మొబైల్ యాప్ ఒకటి "ఫాల్స్" అనే పదాన్ని స్ట్రింగ్‌గా పంపిందంటే, ఆ పదంలో అక్షరాలున్నాయి కాబట్టి పీహెచ్‌పీ దాన్ని నిజమనుకుంటుంది.

ఇక రెండు ఫీల్డులనూ ఎదురెదురుగా పెట్టి చూడాలి. గైర్హాజరైన విద్యార్థికి మార్కులుండకూడదు. ఈ షరతును "గైర్హాజరు, మార్కులు రెండూ నిజమైతే దోషం" అని రాస్తే, గైర్హాజరుకు టిక్ పెట్టి 0 వేసిన వరుస తప్పించుకుపోతుంది. రానివారికి 0 వేయడం చాలామంది చేసే పనే కాబట్టి సరిగ్గా పట్టుకోవాల్సింది దాన్నే. మార్కులు !== నల్ అని రాయండి.

ఆరో మెట్టు: డేటాబేస్‌లో పెట్టడం

మార్కుల కాలమ్ నల్‌ను అనుమతించాలి, దానికి ముందుగా 0 అనే విలువ ఇవ్వకూడదు. గైర్హాజరు కాలమ్ నల్‌ను అనుమతించకూడదు, దానికి 0 ముందుగా ఇవ్వాలి. మైఎస్‌క్యూఎల్‌లో బూలియన్ అని రాసినా లోపల ఉండేది చిన్న పూర్ణాంకమే, 0, 1 అని పంపితే చాలు.

ఈ తేడా ఎంత ఖరీదైనదో సగటు చెబుతుంది. ఐదుగురు విద్యార్థుల మార్కులు 20, 15, 0, దిద్దనిది ఒకటి, 10 అనుకోండి. మొత్తం 45. సగటు తీసే ఫంక్షన్ నల్‌ను లెక్కలోకి తీసుకోదు కాబట్టి 45ను 4తో భాగించి 11.25 ఇస్తుంది, ఇదే సరైన జవాబు. దిద్దనిదాన్ని 0గా దాస్తే భాగించేది 5తో, సగటు 9కి పడిపోతుంది. 0 వచ్చినవాడిని నల్‌గా దాస్తే భాగించేది 3తో, సగటు 15కు ఎగబాకుతుంది. అవే పేపర్లకు 9, 11.25, 15 అని మూడు సగటులు.

ఖాళీ స్ట్రింగ్‌ను పూర్ణాంకపు కాలమ్‌కు పంపకండి. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి మామూలుగా అమల్లో ఉండే కట్టుదిట్టమైన పద్ధతిలో అది దోషమవుతుంది. ఆ పద్ధతి ఆపేసిన సర్వర్లలో నోరెత్తకుండా 0గా మారిపోతుంది, అది ఇంకా ప్రమాదం. ఒరాకిల్ డేటాబేస్ ఖాళీ స్ట్రింగ్‌నే నల్‌గా చూస్తుంది. వెతికేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి: మార్కులు 0 కానివారందరినీ చూపించమని <> 0 అని అడిగితే నల్ ఉన్నవారు రారు, వారిని విడిగా ఈజ్ నల్ అని అడగాలి.

ఏడో మెట్టు: మళ్ళీ తెర మీద చూపించడం

ఇంత జాగ్రత్తగా దాచిన సున్నను చూపించేటప్పుడు పోగొట్టుకోవడం చాలా సులభం. "మార్కులు ఉంటే ముద్రించు" అని రాస్తే 0 ఉన్న పెట్టె ఖాళీగా తెరుచుకుంటుంది. అధ్యాపకుడు వేరే విద్యార్థి మార్కులు దిద్ది సేవ్ నొక్కితే, ఆ ఖాళీ తిరిగి వెళ్ళి నిజమైన 0ను నల్‌గా మార్చేస్తుంది. నల్ కాకపోతే ముద్రించు అని రాయాలి.

తెరవగానే టిక్ ఉండే చెక్‌బాక్సు కథ ఇంతకంటే చిత్రమైనది. సందేశం పెట్టె కోసం నేను "ఫారం నుంచి వచ్చిన విలువ, లేకపోతే 1" అని రాసుకున్నాను. మొదటిసారి పేజీ తెరిచినప్పుడు అది బాగానే పనిచేసింది. ఒక అధ్యాపకుడు ఒక విద్యార్థికి సందేశం టిక్ తీసేసి, ఇంకో వరుసలో 25కి బదులు 52 అని కొట్టి సేవ్ నొక్కారు. పేజీ దోషం చూపిస్తూ తిరిగి వచ్చింది. టిక్ తీసేసిన పెట్టె రాలేదు కాబట్టి నా కోడు 1 పెట్టింది, టిక్ తిరిగి మొలిచింది. ఆయన 52ను సరిచేసి సేవ్ చేశారు, పైన ఎక్కడో మళ్ళీ పడిన టిక్‌ను చూడలేదు. సందేశాలు వద్దని కోరిన ఇంటికి సందేశం వెళ్ళింది. ఫారం పంపబడిందా, మొదటిసారి తెరుస్తున్నామా అన్నది అభ్యర్థన పద్ధతిని బట్టి (పోస్ట్ అయితే పంపడం, గెట్ అయితే తెరవడం) ముందుగా తేల్చుకుని, పంపబడి ఉంటే ముందస్తు విలువల జోలికే పోకూడదు.

అసలు సమ్మతి అడిగే పెట్టెకు ముందే టిక్ పెట్టడం మానుకోవడం ఇంకా మేలు. అలా ముందే పెట్టిన టిక్ చెల్లుబాటయ్యే సమ్మతి కాదని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2019 అక్టోబరు 1న తీర్పు ఇచ్చింది. మన దేశపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా సమ్మతి స్పష్టమైన చర్య ద్వారా తెలపాలని కోరుతోంది.

ఎనిమిదో మెట్టు: జావాస్క్రిప్ట్‌లో తిరగబడే నియమాలు

పీహెచ్‌పీ నుంచి జావాస్క్రిప్ట్‌లోకి అడుగుపెట్టగానే '0' తన స్వభావం మార్చుకుంటుంది. ఇక్కడ 0 అనే సంఖ్య అబద్ధం, '0' అనే స్ట్రింగ్ నిజం. నంబర్ అనే ఫంక్షన్‌కు ఖాళీ స్ట్రింగ్ ఇస్తే 0 వస్తుంది, అంటే దిద్దని పేపరుకు సున్న పడుతుంది. కాబట్టి సంఖ్యగా మార్చే ముందే ఖాళీయా అని చూడాలి. చెక్‌బాక్సును వాల్యూతో చదివేవారు ఇప్పటికీ ఉన్నారు. టిక్ ఉన్నా లేకున్నా వాల్యూ 1నే ఇస్తుంది, చదవాల్సింది చెక్డ్ అనే గుణాన్ని. విలువ లేకపోతే ముందస్తు విలువ తీసుకోవడానికి || వాడితే 0 పోతుంది. 2020 ప్రమాణంలో చేరిన ?? గుర్తు 0నీ ఖాళీ స్ట్రింగ్‌నూ అలాగే ఉంచుతుంది.

ఇతర భాషల్లో పనిచేసేవారికి ఒక హెచ్చరిక చాలు: ఒకే పేరు రెండుసార్లు వచ్చినప్పుడు ఏది మిగులుతుందో ముందు తెలుసుకోండి. పైథాన్ వెబ్ చట్రాల్లో జాంగో చివరిదాన్ని ఇస్తుంది, ఫ్లాస్క్ మొదటిదాన్ని ఇస్తుంది, జావా సర్వ్‌లెట్లూ మొదటిదాన్నే ఇస్తాయి, నోడ్‌లోని క్వెరీస్ట్రింగ్ మాడ్యూల్ రెండింటినీ అర్రేగా ఇస్తుంది. అందుకే రూబీ భాషలోని రైల్స్ చట్రం తన హిడెన్ ఫీల్డును చెక్‌బాక్సుకు ముందు పెడితే, ఏఎస్‌పీ డాట్ నెట్ తర్వాత పెడుతుంది. రూబీ భాషలో సున్న నిజమే, కాబట్టి మన 0 సమస్య అక్కడ పుట్టదు. రైల్స్ నుంచి పీహెచ్‌పీకి వచ్చినవారు బోర్లా పడేది కూడా ఇక్కడే.

పరీక్షించడం, పాత డేటాను ఏం చేయాలన్నది

మార్కుల పెట్టెలో ఈ విలువలన్నీ ఒక్కొక్కటిగా వేసి, సేవ్ చేసి, డేటాబేస్‌లో చూసి, పేజీ మళ్ళీ తెరిచి చూడండి: 0, 00, 05, 25, 26, -0, 0.0, ఖాళీ, ఒక్క స్పేస్, ౦. ఒక్కోదానికి ఏం జరగాలో ముందే రాసుకుని సరిపోల్చండి. చెక్‌బాక్సులకైతే టిక్ పెట్టి సేవ్ చేయడం, తీసేసి సేవ్ చేయడం, తీసేసి వేరే వరుసలో కావాలని తప్పు చేసి సేవ్ చేయడం, డిసేబుల్ చేసి సేవ్ చేయడం అనే నాలుగూ తప్పనిసరి. మూడోదాన్ని నేను మొదట్లో పరీక్షించలేదు, దాని ఫలితం పైన చెప్పాను.

కోడు బాగుపడినా పాత వరుసలు బాగుపడవు. డేటాబేస్‌లో ఇప్పటికే ఉన్న 0ను చూసి అది నిజమైన సున్నో, ఒకప్పుడు ఖాళీగా వచ్చి సున్న అయిందో ఏ క్వెరీ కూడా చెప్పలేదు. నల్ సంగతీ అంతే. చేయగలిగింది అనుమానించాల్సిన వరుసలను ఏరి పెట్టడమే: దోషం ఉన్న కాలంలో మార్చబడినవి, గైర్హాజరు టిక్‌తోపాటు 0 ఉన్నవి, తరగతి మొత్తానికి మార్కులుండి ఒక్కరికే నల్ ఉన్నవి. వాటిని ఒక జాబితాగా ముద్రించి కళాశాలకు పంపాను. గణిత అధ్యాపకుడు బీరువాలోంచి పేపర్ల కట్టలు దించి, జాబితాలోని ఒక్కో పేరుకు ఎదురుగా ఎర్ర సిరాతో 0 అనో, గీత అనో, "రాలేదు" అనో రాసి తిరిగి ఇచ్చారు. ఈసారి వాటిని నేనే కూర్చుని ఎక్కించాను.